అరకిలో దాటని పార్సిల్

ప్లీడరమ్మ గుమాస్తాకి సరిగ్గా ఆ రోజే జ్వరం వచ్చింది. లేకపోతే ఆ ఫైలు పార్సిలక్క చేతికి వచ్చేదే కాదు.

"అక్కా, నీకు కాగితాలు అలవాటేగా. వీటికి పేజీ నంబర్లు వేసి, దారం కుట్టి, పదకొండింటికల్లా కోర్టులో పై అంతస్తు హాలుకి తెచ్చెయ్. నాకు కింద హాల్లో ఇంకో కేసుంది," అని ప్లీడరమ్మ నల్లకోటు చంకలో పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

గంట తొమ్మిదీ ముప్పావు. జిరాక్సు కొట్టు మీద ఒంటిగది ఆఫీసు. బల్ల మీద నాలుగు దొంతర్లు. వాటి పక్కనే సూది, దారం, నంబర్ల ముద్ర. పార్సిలక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. పార్సిల్ కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా కౌంటర్ మీద ఉన్న మనిషి. ఆఫీసులోనే కాదు, వీధిలో కూడా ఆమెని అందరూ పిలిచేది ఆ పేరుతోనే. ముద్ర కొట్టడం మొదలుపెడితే చేతులు వాటంతట అవే నడుస్తాయి. మనసు మాత్రం తమ్ముడి దగ్గర ఉంది.

ఆ రోజు విచారణకి వచ్చేది తమ్ముడి అప్పీలు. లైసెన్సు లేని పిస్తోలు దగ్గర పెట్టుకున్నాడని కింది కోర్టు మూడేళ్ళ జైలు వేసింది. అప్పీలు తేలేదాకా బెయిలు ఇచ్చారు. అప్పీలు కొట్టేస్తే బెయిలూ అక్కడితో ఆఖరు. హాల్లోంచి వాణ్ణి ఇంటికి కూడా పంపరు, అటునుంచి అటే జైలుకి తీసుకుపోతారు. అందుకే వాడు పొద్దున్నే రెండు జతల బట్టలు సంచిలో సర్దుకున్నాడు. మరదలు చంటిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు అడుగున ఒక గుంట ఉంటుంది. పై అంతస్తుల వాళ్ళ చేతుల్లోంచి జారినవన్నీ తలుపు సందులోంచి పోయి ఆ గుంటలోనే పడతాయి. తాళాలు, దువ్వెనలు, పిల్లల బొమ్మలు, ఒకసారి కట్టుడు పళ్ళు కూడా దొరికాయి. గుంటలోకి దిగిన మెకానిక్కు ఏది దొరికినా తీసుకొచ్చి వాచ్‌మన్‌కి అప్పజెప్పాలి. ఆ పని వాళ్ళందరిదీ అదే పద్ధతి. ఇరవై నెలల కిందట ఒక సాయంత్రం గుంటలో పిస్తోలు ఆకారంలో ఉన్న గ్యాస్ లైటర్ దొరికింది. గ్రీజు పట్టి బిగుసుకుపోయి ఉంది, వెలగడం లేదు. వాచ్‌మన్ ఎటో వెళ్ళాడు. రేపిద్దాంలే అని పనిముట్ల సంచిలో పడేసుకుని బయల్దేరాడు. వంతెన దగ్గర పోలీసులు సంచి విప్పించారు.

"లైటర్ సార్," అన్నాడు తమ్ముడు.

"అదేదో ల్యాబువాళ్ళు చెప్తారులే," అన్నాడు అక్కడి అధికారి. 

ల్యాబు మాత్రం పిస్తోలని చెప్పింది. కోర్టులో సీలు విప్పితే లోపలినుంచి నిజంగానే నల్లటి ఇనప పిస్తోలు బయటపడింది. "ఇది నాది కాదు సార్!" అని తమ్ముడు గొంతు చించుకున్నాడు. "అందరూ అనే మాటే," అని నవ్వి ఊరుకున్నారు. ఆ అధికారి కూడా "అవును, పట్టుకున్నది ఇదే," అన్నాడు. నెలకి ఇరవై సంచులు విప్పించే మనిషి, ఏ సంచిలో ఏముందో ఆయనకి మాత్రం ఏం గుర్తుంటుంది?

మొదటి రెండు సెట్లు చూడకుండానే ముద్ర కొట్టి కుట్టేసింది, ఇది మూడోది. టక్. టక్. యాభై ఏడు. యాభై ఎనిమిది. యాభై ఎనిమిదో పేజీ ల్యాబు రిపోర్టు. "ఇనప పిస్తోలు, పనిచేయు స్థితిలో ఉన్నది, బరువు తొమ్మిది వందల పది గ్రాములు." పార్సిలక్క చూపు పక్కకి తిప్పుకుని ముద్ర కొట్టింది. యాభై తొమ్మిది. అరవై. అరవై ఒకటి.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అరవై ఒకటో పేజీలో ఉన్నది పార్సిల్ రసీదు. పోలీస్ స్టేషన్ నుంచి ల్యాబుకి సీలు వేసిన వస్తువు పంపినప్పుడు ఇచ్చిన రసీదు. పార్సిలక్క పనిచేసే కేంద్రానిదే. పైన కిందటేడు మార్చి పద్నాలుగో తారీఖు, కింద క్రైం నంబరు 213 అని ఉంది, అంటే తమ్ముడి కేసే. ఇన్నాళ్ళుగా ఎంతమంది వకీళ్ళు, ఎంతమంది గుమాస్తాలు ఈ కాగితాన్ని తిప్పి ఉంటారో! వాళ్ళ కంటికి ఇది ఉత్త రసీదు. తారీఖు చూస్తారు, పేజీ తిప్పేస్తారు. పార్సిలక్క చూపు మాత్రం కుడివైపు మూలన చిన్న గడిలోకి పోయింది. ఆ గడిలో ఒకే ఒక్క అంకె.

స్లాబ్: 2.

స్లాబ్ అంటే ఛార్జీకి కట్టే బరువు లెక్క. ఒకటో స్లాబ్ పావుకిలో లోపు. రెండోది అరకిలో లోపు. మూడోది కిలో లోపు. నాలుగోది రెండు కిలోల లోపు. నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

అట్టపెట్టె, గుడ్డ, లక్క అన్నీ కలిపినా అరకిలో దాటని పార్సిల్లో తొమ్మిది వందల పది గ్రాముల పిస్తోలు ఎలా పట్టింది?

మళ్ళీ చూసింది. కళ్ళు నులుముకుని ఇంకోసారి చూసింది. రెండే.

"ఓరి నాయనో!" అని కేక పెట్టి లేచేసరికి కుర్చీ వెనక్కి పడింది. ప్లీడరమ్మకి ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. కోర్టు హాల్లో ఫోన్లు ఆపెయ్యాలి కదా! కుట్టిన సెట్లు రెండు, కుట్టనివి రెండు గుండెలకి అదుముకుని పార్సిలక్క మెట్ల మీంచి దూకినంత పని చేసింది.

"అక్కా, చెప్పులు!" అని జిరాక్సు కొట్టు అమ్మాయి అరిచింది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. వెనక్కి వెళ్ళి తొడుక్కునే ఓపిక ఎవరికుంది?

రెండు వీధులు వట్టికాళ్ళతో పరుగు. కోర్టు గేటు దగ్గర బారెడు వరస. "ప్రాణం మీదికొచ్చింది బాబూ, ప్రాణం మీదికొచ్చింది!" అంటూ ముందుకి తోసుకుపోయింది. "అందరి ప్రాణాలూ మీదికొచ్చే ఇక్కడికి వచ్చామమ్మా," అని ఎవరో విసుక్కున్నారు గానీ దారి మాత్రం ఇచ్చారు. మూడంతస్తులు ఎక్కి హాలు తలుపు తోసేసరికి ఊపిరి అందడం లేదు.

అప్పటికే తమ్ముడి కేసు పిలిచారు. ప్లీడరమ్మ నిలబడి వాదిస్తోంది. ఎదురుగా బట్టతల ప్రభుత్వ వకీలు చేతులు కట్టుకుని తీరిగ్గా వింటున్నాడు. ఆ చిరునవ్వు చూస్తేనే వాదన ఎటు పోతోందో తెలుస్తోంది. వెనక బెంచీ మీద తమ్ముడు, ఒళ్ళో బట్టల సంచి. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"ఇంకేమైనా ఉందా అమ్మా?" అని జడ్జి గారు కళ్ళజోడు తీశారు. తీర్పు చెప్పేముందు ఆయన అలాగే తీస్తారని కోర్టులో అందరికీ తెలుసు.

పార్సిలక్క దగ్గరికెళ్ళి ప్లీడరమ్మ చెవిలో చెప్పింది. రొప్పుతూ చెప్పడంతో మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. "ఏమిటి అక్కా, కాస్త నిదానంగా!" రెండోసారి విన్నాక ప్లీడరమ్మ మొహంలో రంగు మారింది.

"సార్, ఒక్క నిమిషం! అరవై ఒకటో పేజీ దయచేసి చూడండి. ఇది నేను తెచ్చిన కాగితం కాదు. పోలీసులు దాఖలు చేసిందే. మొదటినుంచీ ఫైల్లోనే ఉంది."

పార్సిలక్క తెచ్చిన కుట్టిన సెట్టు అందుకుని జడ్జి గారు పేజీలు తిప్పారు. ప్లీడరమ్మ మాట్లాడుతున్న కొద్దీ ఆయన కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికెక్కింది.

ప్రభుత్వ వకీలు లేచాడు. "అయ్యా, ఆ రెండంటే ఏమిటో ఎవరికి తెలుసు? రెండో కౌంటరేమో. రెండో బండేమో. పార్సిల్ మీది గీతలు చూసి తీర్పులు మార్చుకుంటూ పోతే..."

"నేను చెప్తాను సార్!" అంది పార్సిలక్క, తనకే తెలియకుండా.

హాలంతా ఆమె వైపు తిరిగి చూసింది. 

"మీరెవరమ్మా?"

"ఆ పార్సిల్ కేంద్రంలోనే పనిచేస్తాను సార్. స్లాబ్ అంటే..."

"ముద్దాయికి ఏమవుతారు?" ప్రభుత్వ వకీలు తియ్యగా అడిగాడు.

"అక్కని."

"బాగుంది! ఇంట్లోనే సాక్ష్యం దొరుకుతోంది."

హాల్లో నవ్వులు వినిపించాయి. పార్సిలక్క మొహం ఎర్రబడింది. జడ్జి గారు మాత్రం నవ్వలేదు. పేజీ యాభై ఎనిమిది ఒకసారి, పేజీ అరవై ఒకటి ఒకసారి చూశారు. గోడ గడియారం వంక చూశారు.

"ఆ కేంద్రంలో రికార్డుకి బాధ్యుడైన అధికారి ఆ రసీదు తారీఖున తీసుకున్న పార్సిళ్ళ పట్టీతో ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకి ఇక్కడ ఉండాలి. నోటీసు మన బంట్రోతే పట్టుకెళ్తాడు. రికార్డు రాకపోతే ఉన్నదాన్ని బట్టి తీర్పు చెప్పేస్తాను. ఇంకో వాయిదా లేదు."

ఆ బంట్రోతుకి రిటైర్మెంటు దగ్గరపడింది. స్కూటర్ మాత్రం కుర్రాడిలా తోలతాడు. "కూర్చో చెల్లెమ్మా, దారి చూపించు. నోటీసు చేతికొస్తే నేను రైలుని కూడా దాటేస్తాను," అన్నాడు. అన్నంత పనీ చేశాడు. రెండు ఎర్రదీపాల దగ్గర పార్సిలక్క కళ్ళు మూసుకుంది. పన్నెండున్నరకి పార్సిల్ కేంద్రం ముందు దిగేటప్పటికి జుట్టు పిచ్చుక గూడులా ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు.

లోపల కౌంటరు వెనక సూపర్‌వైజరు కూర్చున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని రూల్స్ మాస్టారనే అంటారు. తుమ్మాలన్నా ముందు ఏ రూలు కింద తుమ్మాలో చూసుకునే మనిషి.

"మాస్టారూ! ఆ పాత పట్టీలు... కిందటేడు మార్చివి..."

"ఆగు. ఈ రోజు నువ్వు సెలవులో ఉన్నావు. సెలవులో ఉన్న ఉద్యోగి కౌంటరు లోపలికి రాకూడదు. అటు నిలబడు, ప్రజల వైపు."

పార్సిలక్క పళ్ళు కొరుక్కుంటూ అటు నిలబడింది. బంట్రోతు నోటీసు అందించాడు. మాస్టారు దాన్ని మూడుసార్లు చదివారు. ముద్రని వెలుతురుకి పెట్టి చూశారు. వచ్చిన టైము రాసి సంతకం పెట్టారు.

"పద్దెనిమిది నెలలు దాటిన పట్టీలని పేపరు మిల్లుకి పంపెయ్యాలి," అన్నారు. "ఇది ఇరవై నెలల కిందటిది."

పార్సిలక్క కౌంటరు మీదికి వంగింది. "పంపేశారా?"

"ఎలా పంపుతాను? పంపాలంటే పైఆఫీసు సంతకం కావాలి. నాలుగు ఉత్తరాలు రాశాను. ఇంతవరకూ జవాబు లేదు. సంతకం లేకుండా చిత్తుకాగితం కూడా గేటు దాటనివ్వను. అన్నీ గోడౌన్లోనే ఉన్నాయి."

ఇన్నేళ్ళలో ఆ మనిషి మీద ఎప్పుడూ కలగనంత ప్రేమ ఆ క్షణంలో కలిగింది పార్సిలక్కకి. "పదండి మాస్టారూ, నేను వెతికి పెడతాను! నిమిషంలో!"

"నువ్వు ముట్టుకోకూడదు."

"మాస్టారూ!"

"నువ్వు ముద్దాయి అక్కవి. నీ వేలు తగిలిందంటే ఆ కాగితానికి విలువుండదు. గుమ్మం ఇవతలే ఉండు. నేనూ, ఈ కోర్టాయనా చూస్తాం."

కోపంతో పార్సిలక్కకి ఏడుపొచ్చింది. కానీ ఆయన అన్నది నిజమే. గోడౌన్ గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

లోపల చూరుదాకా కట్టలే. పై కప్పు కారి చీటీలు సగం ఊడిపోయాయి. ఎలకలు కొన్నిటిని కొరికాయి. మాస్టారు ఒక్కో కట్ట దించి, దుమ్ము దులిపి, తారీఖు చదివి, తిరిగి ఉన్న చోటే పెడుతున్నారు. ఆ లెక్కన నాలుగు రోజులు పడుతుంది. ఒంటిగంట అయింది. ఒకటింబావు అయింది. బంట్రోతు తుమ్ముల మీద తుమ్ములు తుమ్ముతూ, "చెల్లెమ్మా, నోటీసు పట్టుకెళ్ళమన్నారు గానీ గనిలో తవ్వమన్లేదు," అని గొణుగుతున్నాడు.

పార్సిలక్క కళ్ళు మూసుకుంది. కిందటేడు మార్చి. కౌంటర్లో ఎవరున్నారు? ఎండలు అప్పుడే ముదిరాయి. పంకా పాడైంది. ఇంకేం జరిగింది? ఆ నెల సామాను రావడం ఆలస్యమై పెద్ద గొడవైంది. లక్క రాలేదు. రసీదు పుస్తకాలు రాలేదు. ఇంకా...

"దారం!" అని అరిచింది. "మాస్టారూ, ఆ నెల దారం ఉండలు రాలేదు! పట్టీలన్నీ దేంతో కట్టాం? పసుపు ప్యాకింగ్ టేపుతో కదూ! మీరు కూడా రూల్లో లేదని రెండ్రోజులు కట్టనివ్వలేదు!"

మాస్టారు ఆగారు. మెల్లగా తల తిప్పి అంత గుట్టనీ ఒకసారి చూశారు. అన్నీ తెల్లదారం కట్టలే. ఎడమ మూలన, కిటికీ కింద మాత్రం పసుపు గీతలు. నాలుగే నాలుగు కట్టలు.

బంట్రోతు ఒక్క గెంతులో అక్కడున్నాడు. మూడో కట్టలో పద్నాలుగో తారీఖు పట్టీ దొరికింది. మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి వరసగా కిందికి చదువుకుంటూ పోయారు. వేలు ఒకచోట ఆగింది. ఇంకాస్త కిందికి జరిగి మళ్ళీ ఆగింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ఏముంది మాస్టారూ? రెండే కదా? ఎన్ని గ్రాములు?"

మాస్టారు పట్టీని అట్టల మధ్య పెట్టి, కవరులో వేసి, అంటించి, దాని మీద సంతకం పెట్టారు.

"అడిగింది కోర్టు. కోర్టుకే చెప్తాను."

"మీకు దండం పెడతాను, ఒక్క మాట! ఉందా లేదా?"

"నీకు చెప్తే, నువ్వు నేర్పావంటారు. నోరు మూసుకుని కోర్టుకి రా."

అప్పటికి రెండుకి ఐదు తక్కువ. ఆయన రికార్డు బయటికి పంపే పుస్తకంలో మూడు వరసలు రాసి, టోపీ పెట్టుకుని, స్కూటర్ దగ్గర ఆగారు. "దీని మీద ఇద్దరే ఎక్కాలి."

"మీరిద్దరూ పోండి!" అని పార్సిలక్క వాళ్ళని ఎక్కించి, మలుపు తిరుగుతున్న బస్సుకి ఎదురెళ్ళి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. స్టాపు కానిచోట కూడా ఆగింది. పార్సిలక్క కాలుగాలిన పిల్లిలా మెట్టు మీదే నిలబడింది. మాస్టారి కనుబొమలు ఎందుకు లేచాయి? వేలు రెండుసార్లు ఎందుకు ఆగింది? పట్టీలో వేరే అంకె ఉందా? రసీదు మీద రెండు వేసి పట్టీలో నాలుగు రాసిన రోజులు లేకపోలేదు. కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పే. ఆ రోజు కౌంటర్లో కొత్తవాళ్ళుంటే? తనే వాడి మెడకి ఉరి బిగించి మరీ వస్తోందా?

హాల్లోకి అడుగుపెట్టేసరికి రెండూ నలభై. మాస్టారు అప్పటికే సాక్షి స్థానంలో నిటారుగా నిలబడి ఉన్నారు. కవరు జడ్జి గారి చేతిలో ఉంది. తమ్ముడు తల ఎత్తి అక్కని చూశాడు. ఆమె పెదవి విరిచింది. తెలియదన్నట్టు.

"స్లాబ్ రెండంటే ఏమిటి?" ప్లీడరమ్మ అడిగింది.

"పావుకిలో దాటి అరకిలో దాకా అమ్మా."

"పట్టీలో క్రైం నంబరు 213 పార్సిల్ బరువెంత?"

"నలభై ఒకటో వరస. నాలుగు వందల ముప్పై గ్రాములు. పెట్టె, గుడ్డ, లక్కతో సహా."

ప్రభుత్వ వకీలు చటుక్కున లేచాడు. ఇప్పుడు ఆ మొహంలో నవ్వు లేదు.

"మీ కౌంటర్లలో బరువులు అటూ ఇటూ సర్దేస్తారని విన్నాను. నిజమేనా?"

"సర్దుతాం సార్."

హాల్లో గుసగుసలు లేచాయి. పార్సిలక్క పైప్రాణాలు పైనే పోయాయి. ఈ మనిషి నిజం తప్ప ఇంకేదీ మాట్లాడడే!

"ఒప్పుకున్నారు! అంటే ఆ బరువు నిక్కచ్చి కాదు."

"సర్దితే పైకి సర్దుతాం సార్. కిందికి సర్దం. నాలుగు వందల ఇరవై మూడుంటే నాలుగు వందల ముప్పై రాస్తాం. ఐదు వందల ఒకటుంటే మూడో స్లాబే. ఒక్క గ్రాము తగ్గించి రాసినవాడికి ఆ సాయంత్రమే నేను మెమో ఇస్తాను. కాబట్టి ఆ పార్సిల్ ఇంకా తేలికై ఉండొచ్చు గానీ, బరువై ఉండే వీల్లేదు."

"తూకం యంత్రమే చెడిపోయి ఉంటే?"

"రోజూ పొద్దున్నే సర్కారు ముద్ర ఉన్న తూకపు రాళ్ళతో సరిచూస్తాం. ఆ రోజు సరిచూసిన సంతకం పట్టీ తలమీదే ఉంది."

"ముద్దాయి అక్క మీ దగ్గరే పనిచేస్తుంది. ఈ కాగితం ఆమె చేతుల్లోంచే వచ్చిందా?"

"గుమ్మం కూడా దాటనివ్వలేదు సార్. చెప్పుల్లేకుండా గంటసేపు బయటే నిలబడింది. కావాలంటే మీ బంట్రోతుని అడగండి."

"నిజమే సార్, తుమ్మింది కూడా నేనే," అన్నాడు బంట్రోతు తలుపు దగ్గర్నుంచి. జడ్జి గారు అతని వంక ఒక్క చూపు చూశారు. అతను మాయమైపోయాడు.

ప్రభుత్వ వకీలు వదల్లేదు. "సరే, తక్కువ బరువే అనుకుందాం. కానీ ల్యాబుకి చేరింది పిస్తోలు. ఆ పిస్తోలు ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ప్లీడరమ్మ జవాబు కోసం పేజీలు తిరగేసింది. జడ్జి గారు పట్టీని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నారు.

"సూపర్‌వైజరు గారూ, ఈ నలభై రెండో వరస ఏమిటి?"

"దానికే వస్తున్నాను సార్. నన్నెవరూ అడగలేదు." మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అదే పోలీస్ స్టేషన్. అదే మనిషి, అదే నిమిషంలో ఇచ్చిన రెండో పార్సిల్. అదే ల్యాబుకి. క్రైం నంబరు 212. నాలుగో స్లాబ్. వెయ్యి అరవై గ్రాములు."

మాస్టారి వేలు రెండుసార్లు ఆగింది ఇందుకా!

తొమ్మిది వందల పది. దానికి పెట్టె, గుడ్డ, లక్క. వెయ్యి అరవై!

"నంబరు ఎక్కడ రాస్తారు?" జడ్జి గారి గొంతు మారింది.

"పై గుడ్డ మీద సార్. లోపలి పెట్టె మీద రాయాలని రూలు ఉంది. ఎవరూ రాయరు. గుడ్డ కోసేశాక రెండు పెట్టెలూ ఒక బల్ల మీద ఉంటే, ఏది ఏదో కోసినవాడికే తెలియాలి."

జడ్జి గారు బెంచి గుమాస్తా వైపు తిరిగారు. "212 ఏమైందో చూడు."

గుమాస్తా కంప్యూటర్ మీద టకటకా కొట్టాడు. "రెండో అంతస్తు కోర్టులో మూసేశారు సార్. పోయినేడే."

"ఎందుకు?"

"అది... ఫైలు చూడాలి సార్."

మాయమైన బంట్రోతు మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. జడ్జి గారు నోరు తెరిచేలోపే మెట్లవైపు పరుగెత్తాడు. ఆ ఆరు నిమిషాల్లో ప్రభుత్వ వకీలు నుదురు తుడుచుకున్నాడు. ప్లీడరమ్మ పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి విరిచేసింది. తమ్ముడు అక్క వంక చూసి కనుసైగతో "ఏమిటి?" అన్నాడు. ఆమె ఆగమన్నట్టు అరచెయ్యి చూపించింది.

బంట్రోతు రొప్పుతూ పల్చటి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. జడ్జి గారు తెరిచి చదివారు. ప్రభుత్వ వకీలుకి అందించారు.

"మీరే చదవండి. పైకి."

ప్రభుత్వ వకీలు చదవడం మొదలుపెట్టాడు. గట్టిగా మొదలైన గొంతు రెండో వరసకే తగ్గింది. "పంపిన వస్తువు ఆయుధము కాదు. పిస్తోలు ఆకారములోని వంటింటి గ్యాస్ లైటరు. బరువు రెండు వందల ఎనభై గ్రాములు. మీట బిగుసుకుపోయి, చిక్కని యంత్రపు గ్రీజు పట్టి ఉన్నది. కావున..." ఆగాడు. "కావున 212 ముద్దాయిపై కేసు మూసివేయడమైనది."

"ఆ ముద్దాయిని ఎక్కడ పట్టుకున్నారు?"

"ఒక దుకాణం తాళం పగలగొడుతుండగా సార్."

"వాడు కోర్టులో ఏమన్నాడు?"

ప్రభుత్వ వకీలు పేజీ తిప్పాడు. "ఏమీ అనలేదు సార్. లైటర్ తనదేనని ఒప్పుకుని, సంతకం పెట్టి, వెళ్ళిపోయాడు."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత హాలు హాలంతా గొల్లుమంది. ఈసారి జడ్జి గారు కూడా ఆపలేదు. నవ్వు సద్దుమణిగాక ప్రభుత్వ వకీలు ఫైలు మూసి, కోటు సరిచేసుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"అయ్యా, ఈ శిక్షని నేను సమర్థించలేను. సమర్థిస్తే నాకే సిగ్గుచేటు. ఒక్క మనవి. 212ని మళ్ళీ తెరవడానికి సాయంత్రమే దరఖాస్తు పెట్టుకుంటాను."

"పెట్టుకోండి," అన్నారు జడ్జి గారు. కలం తీసి గుమాస్తాకి చెప్పడం మొదలుపెట్టారు. అప్పీలు అనుమతించబడినది. కింది కోర్టు తీర్పు, శిక్ష రద్దు చేయబడినవి. ముద్దాయి నిర్దోషి. పూచీకత్తు పత్రాలు రద్దు.

వెనక బెంచీ మీంచి తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఒళ్ళో సంచి జారి బట్టలు కింద పడ్డాయి. "అంటే ఏమిటి ప్లీడరమ్మా? మళ్ళీ ఎప్పుడు రమ్మంటున్నారు?"

"ఎప్పుడూ రావద్దంటున్నారయ్యా! ఇంటికి పొమ్మంటున్నారు!"

తమ్ముడు అక్కని చూశాడు, జడ్జి గారిని చూశాడు, మళ్ళీ అక్కని చూశాడు. కింద పడ్డ చొక్కా తీయబోయి అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. కానిస్టేబుళ్ళలో ఒకడు తనే వంగి బట్టలు ఏరి సంచిలో కుక్కి చేతికిచ్చాడు.

వరండాలో మాస్టారు వెళ్ళిపోతూ కనిపించారు. పార్సిలక్క ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టేసుకుంది. "బస్సులో నన్ను చంపేశారు మాస్టారూ! ఆ రెండో పార్సిల్ సంగతి ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోయింది?"

"అప్పుడు చెప్పి ఉంటే ఇప్పుడు నీ తమ్ముడు ఆ తలుపులోంచి బయటికి వచ్చేవాడా?" అన్నారాయన చేతులు విడిపించుకుంటూ. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "కాళ్ళు బొబ్బలెక్కాయి, ముందు మందు రాసుకో."

తమ్ముడు గోడకి ఆనుకుని ఫోన్ తీశాడు. అంకెలు మూడుసార్లు తప్పు నొక్కాడు. "నువ్వు చెయ్యక్కా, నా వల్ల కావట్లేదు."

పార్సిలక్క ఫోన్ అందుకుంది. అటువైపు మొదటి గంటకే మరదలు ఎత్తింది. పొద్దుటినుంచీ ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టుంది. వెనక చంటిదాని ఏడుపు.

"బయల్దేరుతున్నామే," అంది పార్సిలక్క. "ఇద్దరం."